యశ్వంతనగర్‌లో కొరింథు స్తంభాలు

గ్రీకులూ రోమనులూ లోకానికి తత్వశాస్త్రం ఇచ్చారు, నాటకం ఇచ్చారు, సెనేటు ఇచ్చారు. బళ్లారి జిల్లాకు ఇంటి ముందు స్తంభాలు ఇచ్చారు. ఈ సంగతి ప్రభుత్వం దృష్టికి రావడానికి రెండువేల ఏళ్లు పట్టింది (ఫైలు నడక తెలిసినవాళ్లు ఇది తొందరే అంటారు).

ఫైలు కదలడానికి కారణం సత్యనారాయణపేట సుందరం మేష్టారు. ఒక పాత మిషన్ కాలేజీ చివరి గదిలో ఆయన గ్రీకు చెబుతారు. విద్యార్థులు ముగ్గురు, అందులో ఒకడు ఫ్యాను గాలికి వస్తాడు. అయినా ఆ గంట కోసమే మేష్టారు రోజూ గడ్డం గీసుకునేది. అలాంటి మనిషి నెత్తిన ప్రాచీన విషయాల ప్రయోజన నిర్ధారణ మండలి ఉత్తర్వు పడింది: బోధించే ప్రాచీన విషయం తాలూకు ప్రభావం జిల్లాలోనే సజీవంగా చూపాలి, లేదా తరగతి మూసుకోవాలి.

ఏథెన్సు జిల్లా పరిధిలోకి రాదని మేష్టారికి తెలుసు (మండలికి తెలుసో లేదో). ఒక రాత్రంతా నిద్ర కాచాక ఆయనకు గురునాథ్ ఇల్లు తట్టింది. సేద్యం నుంచి ఇనుప ఖనిజం లారీల్లోకి ఎదిగిన గురునాథ్, యశ్వంతనగర్‌లో గ్రీకుల బాణీలో పన్నెండు కొరింథు స్తంభాలతో ఇల్లు కట్టాడు. సీజరు అటు వస్తే సొంతిల్లనుకుని చెప్పులు విప్పేవాడు. స్తంభాల తలల మీద సిమెంటు ఆకులు, ఆకుల నడుమ దిష్టికి బూడిద గుమ్మడికాయలు.

మండలి తనిఖీ అధికారి రుద్రేశ్ మేష్టారితో కలిసి జీపు దిగి స్తంభాన్ని వేలితో రుద్దాడు. వేలికి ఎర్రటి దుమ్ము అంటింది.

"అబ్బబ్బా! ఎన్ని వందల ఏండ్ల దుమ్ము మేష్ట్రే ఇది!"

"వందల ఏండ్లా?" గురునాథ్ తల్లి నాగలక్ష్మమ్మ గడప దాటి వచ్చింది. "పొద్దన్నే పైపు పెట్టి కడిగిచ్చినానప్పా! గేటు ముందర లారీలు పోతాండాయి, కనపడల్యా?"

"అజ్జీ, మీకు గ్రీకు వస్తుందా?" అన్నాడు రుద్రేశ్.

మేష్టారు చాటుగా సైగ చేశారు. గ్రీకులో నమస్కారం ఎలా చెప్పాలో ముందురోజే ఆమె చేత వల్లెవేయించారు మరి.

"ఏంది మేష్ట్రూ, కన్ను కొడ్తాండావు? ఈ వయసులోనా!" అని, ఆమె అధికారి వైపు తిరిగింది. "గ్రీకు యాడ నుంచి వస్తాదప్పా? తెలుగులో అడిగినాం, స్తంభాలు చేసిచ్చినారు. కన్నడంలో అరిచినాం, నిలబెట్టినారు. ఇప్పుడేం తక్కువైంది, ఊగుతాండాయా?"

ఊగడం లేదని రుద్రేశ్ రాసుకున్నాడు.

మండలి పరమానందపడింది. గ్రీకు, రోమను ప్రభావం జిల్లాలో దృఢంగా, సిమెంటుతో సహా, నిలిచి ఉందని నిర్ధారించింది. ఇల్లు వారసత్వ జాబితాలోకెక్కింది. (గుమ్మడికాయ కుళ్లినా గురునాథ్ ఇక ముట్టరాదు, అది పురావస్తువు.) తరగతి గురించి నివేదికలో ఒకే వాక్యం ఉంది: ఒక్క ముక్క గ్రీకు రాకుండానే ప్రభావం ఇంత చక్కగా నిలిచినందున, బోధన అనవసరమని భావించి మూసివేయడమైనది.

మేష్టారు ఊరుకోలేదు, అప్పీలు పెట్టుకున్నారు. జవాబు చాలా మర్యాదగా వచ్చింది: అప్పీలు విచారించేందుకు గ్రీకు తెలిసిన అధికారి అవసరం, అలాంటివారిని తయారుచేసే తరగతి ప్రస్తుతం జిల్లాలో లేదు.