చీరల షాపులో రాకెట్టు

అంతరిక్ష చరిత్ర మీద టీవీలో వచ్చే డాక్యుమెంటరీలను ఉత్త సాగదీత అని తిట్టేవాళ్ళకు వ్యాపారం తెలియదు. అవి జాతికి వరం! బీసెంట్ రోడ్డులో పాతికేళ్ళుగా పట్టుచీరలు అమ్ముతున్నవాణ్ణి, ఊరికే అనను.

మీరే చూడండి. మేం వంద చీరలు మడత విప్పితే ఒకటి అమ్ముడవుతుంది. వాళ్ళు ఒకే రాకెట్టును గంటలో వందసార్లు ఎగరేస్తారు! ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, నెమ్మదిగా ఇంకోసారి. ‘అప్పుడేం జరిగింది?’ అని బొంగురు గొంతుతో అడిగి బ్రేక్ ఇస్తారు. బ్రేక్ అయ్యాక, ముందు చెప్పిందే మళ్ళీ చెబుతారు. అరవై ఏళ్ళ కిందట జరిగిపోయిన సంగతికి ఇవాళ మనచేత గోళ్ళు కొరికించడం సామాన్యమా?

చీరల షాపుకు అసలు నష్టం ఎవరివల్లో తెలుసా? మొగుళ్ళవల్ల! ఆవిడ రెండో చీర పట్టుకునేసరికి ఈయన వాచీ చూసుకుంటాడు. అందుకే మొన్న శ్రావణంలో కుర్చీల ఎదురుగా గోడంత టీవీ పెట్టించి, తెలుగు చానల్లో ఆ రాకెట్ల ప్రోగ్రాం వేశాను. ఒక్క మొగుడు కదిలితే ఒట్టు.

ఆ వారమే చల్లపల్లి నుంచి వెంకటకృష్ణారావు గారూ, భార్య సుబ్బరత్నం గారూ కూతురి పెళ్ళిబట్టలకు వచ్చారు. పదిహేను పట్టుచీరలు కావాలన్నారు. ఆ సీజన్‌కు నాకదే పెద్ద బేరం. చెయ్యి జారకూడదు.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. తెరమీద వ్యోమగామి భూమికి తిరిగొస్తున్నాడు. అతని రేడియో మూగబోయింది.

“ఏవండీ, ఈ మామిడిపిందెల అంచు బావుందా, ఆ నెమలిదా?”

“ఉండవే! అక్కడ మనిషి ప్రాణమ్మీదికొస్తే అంచులంటావేంటి?”

“పైకెళ్ళినాయన మీకేవన్నా బావగారా?”

గంటన్నర గడిచింది. కౌంటర్ మీద చీరలు గుట్టపడ్డాయి. ఒక్కటీ తేలలేదు. అప్పటిగ్గానీ నాకు వెలగలేదు, పాతికేళ్ళుగా నా చీరలు అమ్మింది నేను కాదని! “త్వరగా తేల్చవే, బస్సు పోద్ది” అని గొణిగే మొగుళ్ళు. జీతం అడగని ఆ సేల్స్‌మెన్ నోరు నేనే టీవీ పెట్టి నొక్కేశాను.

మళ్ళీ బ్రేక్. సుబ్బరత్నం గారు తలెత్తారు. ఓ చీరల షాపు ప్రకటనలో ఒకమ్మాయి చిలకాకుపచ్చ చీరలో గిరగిరా తిరుగుతోంది.

“అదిగో, అలాంటిదండీ పొద్దుట్నించీ నేనడిగేది! ఆ షాపెక్కడండీ?”

అబద్ధమాడదామంటే అద్దాల్లోంచి ఆ షాపు బోర్డు కనిపిస్తోంది.

“ఎదురుగానేనమ్మా. రోడ్డు దాటితే చాలు.”

ఆవిడ లేచారు. ఆయన లేవలేదు.

“నువ్వు పదవే. ఆ మనిషి కిందికి దిగంగానే వచ్చేస్తా” అని, మా ఏసీలోనే ఇంకో కాఫీ పుచ్చుకున్నారు. ఆవిడ పదిహేను చీరలూ అక్కడే కొని, సంచులు మోయడానికి ఆయన్ను తీసుకుపోదామని వచ్చారు.

నిన్న ఉండబట్టలేక ఎదురు షాపాయన్ని అడిగాను, “మీరూ ఓ టీవీ పెట్టించకూడదా అండీ?” అని.

“దండగండీ. మగాళ్ళు కూర్చోడానికి మీ షాపుందిగా!” అన్నాడు.