పరవాడ బస్సులో నేర పరిశోధక మండలి

దేశంలో నేరాలను ఛేదించే సంస్థలు ఎన్ని ఉన్నా, అనకాపల్లి బైపాస్ నుంచి పొద్దున్న ఐదూ నలభైకి బయలుదేరే పరవాడ కంపెనీ బస్సులో, వెనక సీట్లలో కొలువుదీరిన మా మండలికి సాటివచ్చేది లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. రెండేళ్లలో అరవై ఒక్క హత్యలు తేల్చాం. (హంతకుడెవరో మేం ఫోన్లో వినే క్రైమ్ పాడ్‌కాస్ట్‌లో చెప్పేలోపే మాకు తెలిసిపోయేది. ఒక్కోసారి మనిషి మాత్రం వేరేవాడయ్యేవాడు.)

అధ్యక్షురాలు నూకరత్నం. ఫోను ఆవిడదే. ఉపాధ్యక్షురాలు చిన్నమ్మలు మరమరాల డబ్బా తెస్తుంది. నేను కార్యదర్శిని. కిటికీ పక్కన హాసిని, అందరిలోకీ చిన్నది. చిన్నమ్మలు జ్వరంతో పడుకుంటే వారం రోజులు ఇంటికి క్యారేజీ మోసింది ఈ పిల్లే.

మా నిబంధనలు కఠినం. కేసు వేరే రాష్ట్రానిదై ఉండాలి. శవం దొరికేదాకా నవ్వకూడదు. దొరికాక నవ్వకుండా ఉండకూడదు.

పోయిన మంగళవారం హాసిని మెడకు చున్నీ చుట్టుకుని ఎక్కింది. ఆ రోజు వింటున్న కేసులో శవం సూట్‌కేసులో దొరికినా నవ్వలేదు. ఉల్లంఘన కనుక చిన్నమ్మలు చున్నీ లాగింది. మెడ మీద నీలంగా వేళ్ల అచ్చులు.

"ఓలమ్మో!" అని నూకరత్నం పాడ్‌కాస్ట్ ఆపింది. (ఇంతటి గౌరవం ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు.) టార్చి వేసి పరిశీలించింది. "బొటనేలు ఎడం పక్కన పడింది సూడండి. నీ మొగుడిది ఎడం సేతివాటం. అవునా, కాదా?"

"అవునక్కా."

మేం చప్పట్లు కొట్టాం.

"తాగొచ్చి పీక నొక్కేసేడక్కా," అంది హాసిని. "ఈసారి సంపేత్తాడు. దారిలో స్టేషన్ కాడ దిగిపోతాను. ఒక్కరు నాతో రండక్కా. ఒక్కదాన్నే మాటాడలేను."

మండలి అత్యవసరంగా సమావేశమైంది. నూకరత్నం, ఫోటోలు తీయించుకోవాలనీ, ఆస్పత్రి కాయితం వదలకూడదనీ, కంప్లయింట్ కాపీ అడిగి తీసుకోవాలనీ గడగడా చెప్పేసింది. తను వస్తానని మాత్రం చెప్పలేదు.

"మొగుడూ పెళ్లాం మద్దిన మనమెందుకే?" అంది చిన్నమ్మలు. "రేపు ఆళ్లిద్దరూ ఒకటైపోతారు. మనం సెడ్డోళ్లమైపోతాం."

కార్యదర్శి హోదాలో నేను పంచింగ్ టైము గుర్తుచేశాను. (ఆ రోజు ఐదు నిమిషాలు ముందే పంచ్ కొట్టాను.)

స్టేషన్ వచ్చింది. హాసిని మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. ఎవరూ బస్సు ఆపమనలేదు. హాసినీ దిగలేదు. సిగ్గేసింది నాకు. కానీ సిగ్గు అజెండాలో లేదు. నూకరత్నం పాడ్‌కాస్ట్ మళ్లీ పెట్టింది.

బుధవారం నుంచి హాసిని డ్యూటీకి రావడం లేదు. ఫోను స్విచాఫ్. ఇంటికెళ్లి చూసొచ్చే విషయం పరిశీలనలో ఉంది. కిటికీ సీట్లో మరమరాల డబ్బా పెట్టుకుంటున్నాం.

ఈవేళ ఎక్కడో ఉత్తరాది కేసు. మొగుడు ఏడాదిపాటు కొట్టి కొట్టి, చివరికి పెళ్లాన్ని చంపేశాడు. నూకరత్నానికి కోపం ఆగలేదు.

"అన్నాళ్లు కొడతంటే సుట్టుపక్కలోళ్లు ఏటి సేత్తన్నారే? అసలు మనుసులేనా ఆళ్లు?"

కాదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.