పదకొండు మోపులు

పొద్దున్నే తలలు లెక్కపెట్టిన జైలరు సర్వేశ్వరరావుకు గుండె ఆగినంత పనైంది: రికార్డులో ఖైదీలు పదకొండు మంది, ఎదురుగా పన్నెండు మంది.

అది 1997 డిసెంబరు. అరకు దాటాక ఓ కొండ మీద ఆ సబ్‌జైలు ఉండేది. పెంకుల కప్పు, గుమ్మం ముందు రెండు సిల్వర్ ఓక్ చెట్లు, వంటింటి పొగ. ఇప్పుడు ఆ కప్పూ లేదు, ఆ చలీ లేదు. అప్పట్లో మంచుకు ఖైదీలందరూ ముక్కుదాకా కంబళ్ళు కప్పుకునేవారు. ఎవరు ఎవరో పోల్చుకోవడం దేవుడికే కష్టం.

జైల్లో ఎందరున్నారు, ఏ కేసుల వాళ్ళు, నిరుటికన్నా ఎందరు పెరిగారు అని రాసుకోవడానికి ఆ రోజే విశాఖ నుంచి ఆఫీసరు వస్తున్నాడు. ఫిబ్రవరిలో సర్వేశ్వరరావు రిటైర్మెంటు. లెక్క తేడా వస్తే పెన్షన్ గోవిందా.

"నిన్న వీళ్ళని అడవికి కర్రలకి తీసుకెళ్ళింది నువ్వే కదా! తిరిగొచ్చాక ఎంచావా?"

"ఎందుకెంచలేదండీ? పదకొండు మోపులు. ఒక్కటీ ఎక్కువ లేదు," అన్నాడు వార్డరు పైడయ్య.

"మోపులు కాదయ్యా, తలలు!"

"మోపు కింద తలుంటాది కదండీ."

పేర్లు పిలుద్దామని రిజిస్టరు తెరిచేసరికి ఘాట్ మలుపులో జీపు హారన్ మోగింది. పైడయ్య కంగారుగా కంబళ్ళు లాగి చూశాడు. నున్నటి గడ్డంతో ఓ కొత్త ముఖం! "ఈడేనండీ!" అని రెక్క పట్టుకుని దొడ్డిదారిన తోసేశాడు. పాపం, వాడు భీముడు, అసలైన ఖైదీ. నిన్ననే మంగలి వచ్చి గడ్డం గీశాడు. విడుదలైందనుకుని దణ్ణం పెట్టి సంతలోకి పరుగెత్తాడు.

ఆఫీసరు వచ్చాడు. పేర్లు పిలిచాడు. "భీముడు!" అని రెండుసార్లు పిలిచాడు. రెండోసారికి ఓ కంబళి లోంచి "ఉన్నాను బాబూ" అని వినిపించింది.

"సారా కేసులు నాలుగు, అడవి కేసులు ఐదు, కొట్లాటలు రెండు. నిరుడు ఏడుగురే కదా, ఎందుకు పెరిగారు?"

"చలికాలం కదండీ," అన్నాడు సర్వేశ్వరరావు, చెమట తుడుచుకుంటూ.

'పరిశీలించితిని, పదకొండు, సరియే' అని ఆఫీసరు సంతకం చేసి సీలు కొట్టాడు. సిరా ఆరకముందే గేటు దగ్గర భీముడు ప్రత్యక్షమయ్యాడు.

"సంతలో మా ఆడది తిట్టి తోలేసింది బాబూ. ఇంకా రెండు నెలలుంటే ఎలా ఒదుల్తారు, పారిపోయొచ్చేవంది. లోనికి రానియ్యండి."

ఆఫీసరు మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండు. తన సంతకం వైపు చూసుకున్నాడు. సర్వేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కువైనవాడు ఎవడో వాడే చెప్పి వెళ్ళిపోవాలి. కేసూ లేదు, కాగితమూ లేదు," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి.

ఇందాక భీముడి పేరుకు పలికిన కంబళి ముందుకొచ్చింది.

"నేనే బాబూ, మంగ్లుని, ఇక్కడ ఖైదులో ఉన్న గాసిగాడి అన్నని. కర్ర ఇద్దరం కొట్టినాం, ఆడొక్కడే దొరికినాడు. పొలంలో పనికి ఒకడు రాకపోతే ఇంట్లో ఇంకొకడు రావాల కదా, జైలుకీ అంతే అనుకున్నాను. నిన్న అడవిలో ఆడి మోపు నేనెత్తుకున్నాను, ఆడు ఇంటికెల్లి సోళ్ళ చేను కొయ్యాలనుకున్నాం. ఆడేమో ఈ రోజు పప్పన్నమని ఒట్టి చేతుల్తో నా ఎనకే ఒచ్చీసేడు. నేనెల్లిపోతాను గానీ బాబూ, ఆ పప్పు నాకూ ఒక గరిటె పెట్టించండి."