రేవుకు అడ్డంగా చొక్కా

ఆ ఆదివారం పొద్దున కొడుకు కార్యక్రమం అంతా తనే ఖాయం చేసేశాడు. నది ఒడ్డున కొత్తగా తెరిచిన పడవల రేవుకు వెళ్ళాలి, లాంచీలో ఒక చుట్టు తిరగాలి, ఆ పైన పక్కనే ఉన్న పాత గిడ్డంగులు చూడాలి. లాంచీ ఎక్కేది తనూ, భార్యా. తల్లి గట్టు మీద బెంచీలో సంచులు చూసుకుంటూ కూర్చోవాలి. బీమా ఆఫీసులో ఉద్యోగం కదా, చదునైన నేల చూసినా అతనికి కాలు జారడమే కనిపిస్తుంది.

"నేనూ ఎక్కుతాను" అంది తల్లి.

"నీ మోకాళ్ళేమిటి, లాంచీ ఏమిటమ్మా?"

"మోకాళ్ళు నావి. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నారు. ఇప్పుడు నువ్వు మోకాళ్ళంటున్నావు. ఈవేళ నది మీదికి వెళ్ళకుండా ఇంటికి రాను. ఏం చేస్తావో చేసుకో!"

"అత్తయ్య వస్తే మనకేం పోతుందండీ?" అన్న కోడలి మాట కారు తలుపు చప్పుడులో కలిసిపోయింది.

రేవు కళకళలాడుతోంది. కొన్ని పడవల్లో కాపురాలే ఉన్నాయి. కిటికీల్లో పూలకుండీలు, కప్పు మీద సైకిళ్ళు, గట్టుకు కట్టిన తాళ్ళ మీద తువ్వాళ్ళు. పెద్దావిడ చూపు ఆ తువ్వాళ్ళ దగ్గరే ఆగింది. ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఆరేసి ఆరేసి పింఛను పుచ్చుకున్న మనిషి ఆవిడ. వదులుగా వేలాడే తాడు కనబడితే చేతులు ఊరుకోవు.

టీ కొట్టు దగ్గర కొడుకు, లాంచీ ఎలా నడుస్తుందో భార్యకు చేతులు తిప్పుతూ వివరించాడు. కప్పులో టీ అంతా తెల్ల చొక్కా మీద పడింది. "ఇలా ఇయ్యి, మరక పట్టకముందే జాడిస్తాను" అని తల్లి చొక్కా ఊడదీయించింది. బనియనుతో మిగిలిన కొడుకు సిగ్గుతో కనబడిన మొదటి లాంచీలో దూరాడు. వెనకే కోడలు. లాంచీ నడిపే సరంగు రాగానే బయలుదేరడానికి వీలుగా ఉంటుందని, వెనక తాడు కొడుకే విప్పేశాడు కూడా. అన్నీ తెలిసినవాడు మరి.

తల్లి చొక్కా జాడించుకుని వచ్చేసరికి, లాంచీ ముందరి తాడు గట్టు మీది గుంజకు చుట్టి ఉంది. మధ్యలో నీళ్ళదాకా వేలాడుతోంది. "ఇదేం కట్టడం, బట్ట మునిగిపోదూ!" అనుకుని, అందినంత దూరంలో చొక్కాకు పిన్నీసులు గుచ్చి తాడుకు తగిలించింది. తర్వాత గుంజ చుట్లు విప్పి, దూరంగా ఉన్న దీపస్తంభానికి బిగించబోయింది. విప్పడమే తడవు, లాంచీ నీటివాలున బయలుదేరింది. గట్టు మీద చుట్టగా పడి ఉన్న తాడంతా దాని వెంట పరుగెత్తింది. ఆవిడ స్తంభానికి గబగబా రెండు చుట్లు వేసి, కొస చేతికి చుట్టుకుంది. తాడు తీగలా బిగిసింది. ఆవిడకు ముందు సంతోషమే వేసింది.

"అమ్మా! లాంచీ కదిలిపోయింది! తాడు లాగు!"

"లాగితే చొక్కా మునుగుతుందిరా!"

"అత్తయ్యా, మేమే మునిగేలా ఉన్నాం!"

చొక్కా మాత్రం పడవలు వెళ్ళే దారికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. అటుగా వస్తున్న ఒకాయన దాన్ని హెచ్చరిక జెండా అనుకుని పడవ ఆపాడు. ముందాయన ఆగాడని వెనకాయన ఆగాడు. ఆ వెనకాయన నీళ్ళు తగ్గాయట అన్నాడు. టీ కొట్టుకు చేరేసరికి ఆ మాట నది మూసేశారట అయింది. రేవు కాపలావాడు పరుగెత్తుకొచ్చి, ఎవరి మీద ఈల వెయ్యాలో తెలియక అందరి మీదా వేశాడు.

"పెద్దమ్మగారూ, ఆ తాడు వదలండి!"

"వదిలితే నా కొడుకు కొట్టుకుపోతాడు."

"పోనీ లాగండి, నేనూ పడతాను!"

"లాగితే నేను గట్టునే మిగిలిపోతాను" అని, ఆవిడ నది వైపు తిరిగి గొంతెత్తింది. "ఒరేయ్! నన్ను ఎక్కించుకుంటావా, లేదా?"

"ఇది బేరాలాడే సమయమా అమ్మా?"

"ఇంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ దొరకదు నాయనా!"

బారులు తీరిన పడవల్లో జనమంతా బనియను మనిషినే చూస్తున్నారు. "ఒప్పుకోవయ్యా బాబూ, మాకు పనులున్నాయి!" అని ఎవరో అరిచారు.

"సరే, ఎక్కు! ఎక్కు తల్లీ!"

కాపలావాడూ ఆవిడా కలిసి లాంచీని గట్టుకు లాగుతుండగా, చేతులకు గ్రీజుతో లాంచీ మెకానిక్ అమ్మాయి వచ్చింది.

"దీన్ని ఎవరు విప్పారండీ? దీనికి ఇంజనే లేదు. బాగుచెయ్యడానికి తీసి అవతలి గట్టు షెడ్డులో పెట్టాను. తిరిగే లాంచీ అదిగో, అది!"

తిరిగే లాంచీ బారులో మూడోది. చొక్కా ముందు ఆగి హారను మోగిస్తోంది.

వెనక తాడు విప్పింది తనేనని ఒప్పుకున్న కొడుకు ముఖం వాడిపోయింది. మెకానిక్ మాత్రం లాంచీ వంక చూసి, "ఎలాగూ కదిలింది. మోటారు పడవకు కట్టి షెడ్డుకు లాక్కుపోతాను. ఇందులో చుక్కాని చక్రం తిన్నగా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అంది.

"నేను పట్టుకుంటాను" అన్నాడు కొడుకు.

"మీరొద్దండీ. మీరు విప్పే రకం. ఆవిడ వదలని రకం."

కొడుకు దిగాడు. కోడలు దిగలేదు. అత్తగారికి చెయ్యి అందించి పైకి లాగింది. "అమ్మా, జాగ్రత్త! అటు వంగకు! ఇటు చూడు!" అని కొడుకు గట్టు వెంట పరుగెత్తుతూనే ఉన్నాడు. ఆవిడ ఎటూ చూడలేదు. రెండు చేతులా చక్రం పట్టుకుని ముందుకు మాత్రమే చూసింది.

ఆవిడకు నచ్చనిది ఒక్కటే. అవతలి గట్టు మరీ తొందరగా వచ్చేసింది.