పదకొండో ముడి

"చలి అనేది వాతావరణానికి సంబంధించింది కాదు, పెంపకానికి సంబంధించింది," అని బాలబడి హెడ్‌మిస్ట్రెస్ గారు శుక్రవారంనాడు ప్రకటించారు. ఆవిడ కుర్చీ పక్కన హీటరు ఎర్రగా వెలుగుతుండడం వల్ల ఆ మాటలో ఎక్కడలేని వెచ్చదనం పలికింది.

ఆదివారం ఉదయం ఏడింటికల్లా ఐదేళ్ళు నిండని పిల్లలు ఇరవై ఇద్దరూ ఊరి వెనక కొండ ఎక్కాలి. తల్లిదండ్రులు తెగ మురిసిపోయారు. ఎక్కాల్సింది వాళ్ళు కాదు గనక.

పదిహేడేళ్ళుగా ఆ బడి పిల్లల ముక్కులు తుడుస్తున్న ఆయాకు మాత్రం మనసొప్పలేదు.

"పసివాళ్ళమ్మా. కాస్త ఎండొచ్చాక తీసుకెళ్దామా?"

"ఎండలో ఎవరైనా ఎక్కుతారు. నా మనవడు కూడా వస్తున్నాడు. వాడికి లేని చలి వీళ్ళకెక్కడిది?"

సొంత మనవణ్ణే పంపుతున్నావిడతో ఇంకేం మాట్లాడుతుంది? ఆయా దేవుడి మీద భారం వేసింది.

పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే ఆ బడిలో ఒక పొడుగాటి తాడుంది. దానికి ఇరవై రెండు ముడులు. ఎవరి ముడి వాళ్ళది, ఎవరూ వదలకూడదు. ముందు కొస డ్రిల్లు మాస్టారిది, వెనక కొస ఆయాది. ఆదివారంనాడు పొగమంచులో ఆమెకు చివరి ముగ్గురు తప్ప ఎవరూ కనబడలేదు.

"ఆయమ్మా, నా ముక్కు ఊడిపోయిందా?"

"ఉందిరా నాన్నా. కారుతోంది కూడాను."

"పైన ఏముంది?"

"ఫోటో ఉందమ్మా."

హెడ్‌మిస్ట్రెస్ గారు అవతలివైపు రోడ్డు మీదుగా జీపులో ముందే పైకి చేరుకున్నారు. శాలువాలో నుంచి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఎదురుగా ఒక ఫోటోగ్రాఫరు, వెనక ఒక బ్యానరు: "చలికి వెరవని చిరుత పాదాలు".

పిల్లలు పైకి చేరగానే ఆయా అలవాటుగా తలలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. పదకొండో ముడి ఖాళీగా వేలాడుతోంది. అది హెడ్‌మిస్ట్రెస్ గారి మనవడిది.

"మాస్టారూ, కింద హాజరు వేశారా?"

"అందరికీ వేశాను. నిన్న సాయంత్రమే. అందరూ రావాలని ఆర్డరు కదా, రాకేం చేస్తారు?"

హెడ్‌మిస్ట్రెస్ గారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆయా వచ్చిన దారినే పరుగెత్తింది. ప్రతి రాయి వెనకా చూసింది, ప్రతి పొదలోకీ పిలిచింది, రెండుచోట్ల జారిపడింది. దారి మొదటిదాకా వెళ్ళి, మోకాళ్ళు దోక్కుపోయి, పైకొచ్చి హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు కూలబడింది.

"అమ్మా, మీ మనవడు లేడు. దారంతా వెతికాను. బాబు ఎక్కడా లేడు."

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"అరవకు. వాడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తెల్లారి లేస్తూనే రెండుసార్లు తుమ్మాడు."

ఆయా ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పిల్లవాడు క్షేమం, అంతకంటే ఏం కావాలి? ఊపిరి కూడదీసుకున్నాక అంది:

"మంచిపని చేశారమ్మా. తుమ్మిన పిల్లల్ని చలిలోకి ఎవరు తెస్తారు?"

లేచి పిల్లల దగ్గరికి వెళ్ళింది.

"పొద్దున్నుంచి మీలో ఎవరెవరు తుమ్మారర్రా?"

ఇరవై ఒక్క చేతులు లేచాయి. నమ్మకం కుదరదేమోనని ఒకడు అక్కడికక్కడే తుమ్మి చూపించాడు.

ఆయా తన కొస పట్టుకుని కిందికి తిరిగింది. తాడుకు తోకే తల అయింది. ముందు కొస పట్టుకున్న డ్రిల్లు మాస్టారు, వదలమని ఆర్డరు లేదు గనక, వెనకాలే నడిచాడు.

"ఏయ్, ఫోటో?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

ఫోటోగ్రాఫరు అప్పటికే మీట నొక్కేశాడు. ఆ ఫోటో ఇప్పుడు బడి గోడమీద ఉంది. అందులో బ్యానరు స్పష్టంగా పడింది. దాని కింద, ముక్కుదాకా శాలువా చుట్టుకుని, ఒక్కరే ఉన్నారు.