తాతగారికి తోడు

ఆ ఉదయం దడసారు కోరుకున్నది ఒక్కటే: మధ్యాహ్నం దాకా ఉద్యోగం నిలవడం. ఆయన అసలు హోదా సంస్కరణల అధికారి. పెద్దసారు ఫోను చేస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతారు కనుక ఆఫీసులో దడసారు అన్న పేరు స్థిరపడిపోయింది. ఎనిమిది అంతస్తుల ఆ ప్రభుత్వ భవనంలో పనిచేసే లిఫ్టు ఒక్కటే. దాని ముందు తోపులాట రోజూ ఉండేదే. ఎవరు ముందు ఎక్కాలో ఆయన రూలు రాయాలి. పన్నెండింటికి మంత్రిగారు వచ్చి చూస్తారు. నచ్చకపోతే ఎలుకలు తిరిగే పాత ఫైళ్ళ గోదాముకు బదిలీ.

"లిఫ్టెక్కడానికి రూలేంటండీ, చోద్యం కాకపోతే!" అంది భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"నీకేం, ఎన్నైనా చెబుతావు. అందరికీ న్యాయం జరగాలట, పనీ చకచకా తెమలాలట. ఆ రెండూ ఒకే లిఫ్టులో పట్టవే!" గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది.

ఆఫీసుకు చేరగానే "పై అంతస్తులవారు ముందు" అని బోర్డు పెట్టారు. పనులు త్వరగా అవుతాయని లెక్క. "మేం మనుషులం కామా?" అంటూ కింది అంతస్తులవాళ్ళు మీదకొచ్చారు. వెంటనే "ముందొచ్చినవారు ముందు" అని మార్చారు. న్యాయమే. కానీ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి ఆగి పాకుతుంటే, పై అంతస్తు సిబ్బంది ఇంకా కిందే ఉన్నారని పెద్దసారు ఫోనులో ఉరిమారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి మూడో బోర్డు రాశారు: "అరవై దాటినవారు ముందు. వారికి తోడు వచ్చినవారు వారితోపాటు. దిగేటప్పుడు లిఫ్టు మధ్యలో ఆగదు." మొదటి ముక్క న్యాయానికి, చివరి ముక్క తొందరకు.

మంత్రం వేసినట్టు తోపులాట ఆగింది. లిఫ్టు ఆపరేటరు బోర్డు చూసి మరీ ఎక్కిస్తున్నాడు; లిఫ్టు నిండుగా వెళ్తోంది, వస్తోంది. దడసారు ఆ రోజు మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చారు.

అంతలో లిఫ్టులోంచి ఓ తెల్లచొక్కా తాతగారు దిగారో లేదో, నలుగురు చుట్టుముట్టి "రండి తాతగారూ, మేం తోడొస్తాం" అంటూ మళ్ళీ లోపలికి నడిపించబోయారు. దడసారుకు అనుమానం వచ్చింది.

"ఏవండీ, ఇందాక పైకెళ్ళింది మీ అన్నయ్యగారా?"

"అన్నా లేడు, తమ్ముడూ లేడు. అదీ నేనే, అంతకు ముందూ నేనే! పొద్దున్నుంచి పైకీ కిందకీ తిప్పుతున్నారు బాబూ. నాకు మూడో అంతస్తులో పని. అక్కడ తలుపు తెరవగానే వీళ్ళు రెక్క పట్టుకుని ఆపేస్తున్నారు. నేను దిగిపోతే వీళ్ళు తోడు కాకుండా పోతారట. మెట్లెక్కుదామంటే మోకాళ్ళు రావు."

"ఏం పని తాతగారూ?"

"పింఛను ఆఫీసులో బతికే ఉన్నానని కనబడాలి. ఇవాళ పన్నెండు లోపు కనబడకపోతే పోయినట్టేనట."

దడసారుకు పైప్రాణాలు పైనే పోయాయి. తన బోర్డు ఒక మనిషిని చంపబోతోంది, అదీ మంత్రిగారు వచ్చే వేళకి! తోడు వచ్చినవాళ్ళందరినీ దింపేసి, తనొక్కరే తాతగారి చెయ్యి పట్టుకుని ఎక్కి మూడో అంతస్తులో దిగారు. పింఛను గుమస్తా కుర్చీ ఖాళీగా ఉంది.

"ఈ సీటాయనేడమ్మా?" అని పక్క సీటావిడను అడిగారు.

"పైన పనుండి ఎనిమిదోకి వెళ్ళారండి. మెట్లెక్కలేక, కిందకు దిగి మరీ ఈ తాతగారికి తోడుగా ఎక్కారట."

గుమస్తా మెట్లు దిగి వచ్చేసరికి గోడ గడియారం పన్నెండు దాటేసింది.

"ఇక తాతగారు లేరండి" అన్నాడు బాధగా.

"ఎదురుగా ఉన్నారు కదయ్యా! ఆయన పక్కనే నిలబడి పైకెళ్ళావు!"

"నిజమేనండి, మంచి మనిషి. కానీ రూలు ప్రకారం పోయారు. ఒక్కొక్కరి కోసం ఎదురుచూస్తే పని తెమలదని పోయిన నెల మీరే రాశారు కదండీ. మళ్ళీ బతికించాలంటే ఈయన్ని పెద్దసారు ఎదుట నిలబెట్టాలి. ఎనిమిదో అంతస్తు."

తాతగారు బెంచీ మీద కూలబడ్డారు. "ఇంటికెళ్ళి మా ఆవిడకేమని చెప్పను బాబూ?" అప్పుడే దడసారు ఫోను మోగింది. నిలబడే ఉన్న మనిషి ఇంకాస్త నిటారుగా నిలబడ్డారు.

"శభాషయ్యా!" అన్నారు పెద్దసారు. "మంత్రిగారికీ అరవై దాటాయి. లిఫ్టులో ముందు ఎక్కించారని పొంగిపోతున్నారు. ఎవరో తాతగారికి పొద్దున్నుంచి అంతమంది తోడొస్తున్నారని విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన్ని నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకురా. తొందరగా, మంత్రిగారు వెళ్ళిపోతారు!"

దడసారుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒక్క దెబ్బతో గోదామూ తప్పుతుంది, తాతగారూ బతుకుతారు. ఆయన్ను ఎత్తుకున్నంత పని చేసి లిఫ్టు దగ్గరికి పరుగెత్తారు. తలుపు తెరిచే ఉంది. గుమస్తా మాటలన్నీ అక్కడినుంచే విన్న లిఫ్టు ఆపరేటరు వినయంగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోర్డు మీద అరవై దాటినవారికని ఉంది సార్. పోయినవారికి తోడు వెళ్ళొచ్చని లేదు."