పాండురంగం ఓడ ఎక్కిన విధంబు

క్యూ అనేది మానవజాతికి దొరికిన గొప్ప వరం! నవ్వకండి. నవ్వేవాళ్లంతా ఇంతవరకు క్రూజ్ ఓడ ఎక్కనివాళ్లే.

ఓడ ఎక్కడమంటే ఏముంది, వరంగల్ స్టేషన్‌లో ప్యాసింజర్ రైలు ఎక్కినట్టు కిటికీలోంచి తువ్వాల విసిరి, సీటు మనదనిపించి, తర్వాత నింపాదిగా లోపలికి దూరడమే కదా అనుకుంటున్నారా? పొరపాటు! ఓడ ఎక్కే రోజున మీ కోసం తొమ్మిది క్యూలు ఎదురుచూస్తుంటాయి. పెట్టెలకు చీటీలు అంటించడానికి ఒకటి. ఆ పెట్టెలు అప్పగించడానికి ఇంకొకటి. ఆధార్ కార్డు చూపించడానికి, చేతిసంచిని ఎక్స్‌రే మెషీన్‌లో పెట్టడానికి, జ్వరం దగ్గు లేవని రాసివ్వడానికి, ఫోటో దిగడానికి, ఆ ఫోటోలో ఉన్నది మనమేనని ఒప్పుకోవడానికి... పెళ్లిచూపుల్లో కూడా మనల్ని ఇంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు!

పొద్దున పదకొండుకు నిలబడితే సాయంత్రం ఐదుకు ఓడ కదులుతుంది. ఆరు గంటలు! ఏ పనీ చేయకుండా, ఎవరితో మాట పడకుండా ఆరు గంటలు ఊరికే నిలబడే భాగ్యం సంసారికి ఇంకెక్కడ దొరుకుతుంది? దీన్ని విసుక్కునేవాళ్లను చూసి జాలిపడాలి తప్ప చేసేదేం లేదు.

అలా జాలిపడదగ్గ మనిషి ఒకాయన హన్మకొండలో ఉన్నాడు. పేరు పాండురంగం. చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. వయసు యాభై ఎనిమిది. క్యూలో నిలబడిన అనుభవం సున్నా.

అలాగని ఆయన చెడ్డవాడేం కాదు. తూకంలో తేడా రానివ్వడు, ఇచ్చిన సామానుకు సొట్ట ఉంటే మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాడు. ఆయనకున్న నమ్మకమల్లా ఒక్కటే. ఏ ఆఫీసుకు పోయినా, ఏ దవాఖానకు పోయినా, ఏ దేవుడి దగ్గరికి పోయినా అక్కడ 'మనోడు' ఒకడు ఉంటాడు. మనోడు అంటే చుట్టమే కానక్కర్లేదు. బావమరిదితో కలిసి చదువుకున్నవాడైనా చాలు, పదేళ్ల కింద మన దుకాణంలో బిందె కొన్నవాడైనా చాలు. ఓపికగా వెతికితే దొరుకుతాడు. దొరికితే పక్క గేటు తెరుచుకుంటుంది.

మరి ఈ వెతుకులాట జరుగుతున్నంతసేపు ఆయన భార్య కళావతి ఎక్కడుంటుంది? సామాను దగ్గర!

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె లోకాన్ని చూసిందంతా సంచుల పక్కన కూర్చునే. మేడారం జాతరలో సమ్మక్కను గద్దెకు తెస్తున్న గడియలో పాండురంగం వీఐపీ పాసు ఇప్పించేవాడి కోసం తిరుగుతున్నాడు. కూతురు హారిక కాలేజీ స్టేజీ మీద పట్టా అందుకుంటుంటే, ముందు వరుసలో కుర్చీలు వేయించేవాడి కోసం హాలు బయట తిరుగుతున్నాడు. కుర్చీలు దొరికాయి కూడా. అప్పటికి హాలు ఊడుస్తున్నారు.

అందుకే హారిక వాళ్లిద్దరికీ చెన్నై నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి టికెట్లు తీసినప్పుడు కళావతి ఒకే ఒక్క షరతు పెట్టింది. తిండి ఎలా ఉన్నా సరే, గది అగ్గిపెట్టెంత ఉన్నా సరే. ఓడ ఒడ్డు విడిచే ఆ కాసేపు మాత్రం ఆయన తన పక్కన నిలబడాలి. ఒడ్డు దూరమవుతుంటే ఇద్దరూ కలిసి చూడాలి. జీవితంలో ఒక్కటంటే ఒక్కటి, మొదలయ్యేటప్పుడే ఇద్దరూ కలిసి చూడాలని ఆమె కోరిక. పాండురంగం సరేనని ఒట్టు కూడా వేశాడు. ఒట్టు వేస్తున్నప్పుడే ఆయన మనసు చెన్నై రేవులో మనోడెవడుంటాడా అని లెక్కలు వేస్తోందని ఆమెకు తెలుసు. అయినా నమ్మింది.

పదకొండింటికి రేవు చేరారు. మొదటి క్యూ చూడగానే పాండురంగం కళ్లు అలవాటు కొద్దీ పక్క గేటు మీదికి పోయాయి. ఆ కాస్తలోనే జరగరానిది జరిగిపోయింది. పోర్టర్ వచ్చి, పెట్టెలకు చీటీలు కట్టి, బండి మీద వేసుకుని తోసుకుపోయాడు! ఓడ ఎక్కబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెట్టె మళ్లీ కనిపించేది సాయంత్రం మీ గది గుమ్మం ముందే. కాబట్టి బీపీ గోలీలు చేతిసంచిలో ఉంచుకోండి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ ఇంట్లోనే ఉంచుకోండి, అవి ఓడ దాకా రావు.

"నువ్వు ఈడనే కూసో. మనోడెవడన్న ఉన్నడేమో చూసొస్త. సామాను జర చూస్కో" అన్నాడు పాండురంగం.

"ఏం సామాను?" అంది కళావతి.

పాండురంగం చుట్టూ చూశాడు. నిజమే, సామాను లేదు! భార్యను ఒక చోట కూర్చోబెట్టడానికి ముప్పై రెండేళ్లలో మొదటిసారి ఆయనకు కారణం దొరకలేదు. కారణం దొరకలేదని ఆగిపోయేవాడైతే అసలు వ్యాపారం ఎలా చేసేవాడు? ఇప్పుడే వస్తానని చెప్పి జనంలో కలిసిపోయాడు. కళావతి ఒక నిమిషం నిలబడి ఆలోచించింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, వెళ్లి క్యూలో నిలబడింది.

వరం అని ఊరికే అన్నామా? క్యూలో ఆమె ముందు మదురై నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు తమిళం రాదు. అయినా నాలుగో క్యూకు వచ్చేసరికి ఆవిడ కోడలి సంగతి ఈవిడకు, ఈవిడ వియ్యపురాలి సంగతి ఆవిడకు పూర్తిగా తెలిసిపోయాయి. ఆవిడ తన జడలోని మల్లెపూలు తుంచి ఈమె జడలో పెట్టింది. ఫోటో తీసేవాడు మీవారేరని అడిగితే, వస్తాడని చెప్పి కళావతి ఒక్కతే నవ్వుతూ ఫోటో దిగింది. ఆ నవ్వు కొంచెం తక్కువగానే వచ్చింది.

ఇక మన పాండురంగం. సెక్యూరిటీ వాళ్లను పలకరించాడు, వాళ్లు పలకలేదు. టికెట్లు చింపేవాడికి దుకాణం విజిటింగ్ కార్డు ఇచ్చాడు, వాడు దాన్ని కూడా చింపి సగం తిరిగి ఇచ్చాడు! పాండురంగానికి మొదటిసారి లోకం మీద నమ్మకం సడలింది. సరిగ్గా అప్పుడు తెల్ల యూనిఫాం వేసుకుని, ఛాతీ మీద 'జోయెల్' అని పేరున్న కుర్రవాడు ఫోన్‌లో తెలుగు మాట్లాడుతూ పోవడం వినిపించింది.

ఆరా తీస్తే ఏ ఊరు? కాజీపేట! ఎవరి కొడుకు? రైల్వేలో చేసి రిటైరైన కృపానందం కొడుకు! కృపానందం కూతురి పెళ్లికి గంగాళం దగ్గర్నుంచి గరిట దాకా వెళ్లింది ఎక్కడి నుంచి? పాండురంగం దుకాణం నుంచే! సముద్రం ఒడ్డున కూడా మనోడు దొరికాడు. పాండురంగం కళ్లు చెమర్చాయి.

జోయెల్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆంటీ బాగుందా అని అడిగాడు, నాన్న తరచూ మీ పేరు చెబుతాడన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"ఈడ అందరికీ ఒకటే లైన్ అంకుల్. నడవలేనోళ్లనే వీల్‌చైర్‌ల తీస్కపోతం."

జోయెల్ చెప్పింది రూలు. పాండురంగం అందులో దారి చూశాడు. మరుక్షణమే ఆయన కుడి మోకాలు పనిచేయడం మానేసింది! అదే మోకాలితో ముందురోజు సాయంత్రం వరంగల్ స్టేషన్‌లో రెండు పెట్టెలు మోస్తూ మెట్లెక్కాడు. పాపం జోయెల్‌కు అది తెలియదు. కంగారుగా పరుగెత్తి కుర్చీ తెచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, తానే తోశాడు.

పాఠకులారా, ఈ కుర్చీ మహిమ మీకు కొత్త కాదు. ఎయిర్‌పోర్టుల్లో మీరు చూసే ఉంటారు. విమానం ఎక్కేటప్పుడు అడుగు తీసి అడుగు వేయలేనివాళ్లు, దిగిన చోట సామాను బెల్టు కదలగానే లేడిపిల్లలవుతారు. ఎంత గొప్ప మోకాలి డాక్టరుకైనా సాధ్యమయ్యే వైద్యమా అది? మిగిలిన క్యూలన్నీ పదకొండు నిమిషాల్లో దాటేసి పాండురంగం ఓడలో పడ్డాడు. అప్పటికి భార్య ఇంకా మూడో క్యూలోనే ఉంది.

ఓడలో పడ్డాడు సరే, అక్కడి నుంచి కదిలేదెలా? కుర్చీలో వచ్చినవాళ్లను కింది హాల్లో ఒక వరుసలో ఉంచుతారు. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో అందరికీ పాఠం చెబుతారు కదా, వీళ్లకు ఆ పాఠం కూర్చున్నచోటే. పైనుంచి బిర్యానీ వాసన వస్తోంది. జోయెల్ అభిమానంగా పెరుగన్నం తెచ్చిపెట్టాడు, ఒంట్లో బాగాలేనప్పుడు అదే మంచిదని. బాత్రూమ్‌కు వెళ్లాలంటే ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్లారు. కలెక్టరుకు కూడా జరగని మర్యాద!

లేచి నడిచిపోవచ్చు కదా అంటారా? ఎలా లేస్తాడు? లేస్తే జోయెల్ చూస్తాడు. జోయెల్ చూస్తే కృపానందానికి తెలుస్తుంది. కృపానందానికి తెలిస్తే కాజీపేటకు తెలుస్తుంది. ఊరికి తిరిగి వెళ్లి దుకాణం షట్టరు ఎత్తకముందే చౌరస్తా అంతా ఆయన మోకాలి గురించి అడుగుతుంది. ముప్పై ఏళ్ల పరువు ఇప్పుడు ఒక కుర్చీలో ఇరుక్కుపోయింది.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. పైన డెక్కు మీద రెయిలింగ్ దగ్గర చోటు దొరికిందని, ఆయన కోసం కూడా చెయ్యి అడ్డం పెట్టి ఉంచానని కళావతి చెప్పింది. ఎక్కడున్నావని అడిగింది. వస్తున్నానన్నాడు. ఇన్నేళ్లుగా ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే లెక్క లేదు. జోయెల్‌ను బతిమాలాడు. జోయెల్ కుర్చీని లిఫ్టులో పెట్టి పైకి తీసుకెళ్లాడు.

డెక్కు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. కళావతి ఇటు తిరిగింది. వీల్‌చైర్‌లో మొగుడు కనిపించాడు.

అంత కష్టపడి సంపాదించిన చోటు వదిలేసి ఆమె పరుగెత్తుకొచ్చింది. వంగి ఆయన మోకాళ్లు తడిమింది, నుదురు తడిమింది.

"ఏమైంది నీకు? గోలీ ఏస్కున్నవా లేదా? నాకెందుకు చెప్పలే?"

అబద్ధం చెప్పడం ఆయనకు కష్టం కాదు. ఎన్ని కౌంటర్ల దగ్గర చెప్పలేదు! కానీ తన మోకాళ్లు తడుముతున్న ఆ చేతుల ముందు అబద్ధం రాలేదు. తల దించుకుని అన్నాడు.

"ఏం గాలే. లైన్ పెద్దగున్నదని కూసున్న."

జోయెల్ విన్నాడు. కుర్చీ పిడి మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"కింద రేవుల ఒక ముసలమ్మ గంటన్నర సంది కుర్చీ కోసం చూస్తాంది అంకుల్. కుర్చీలన్నీ పైకే వచ్చినయ్. ఆమె ఎక్కితెనే ఓడ కదుల్తది" అన్నాడు మెల్లగా.

పాండురంగం లేచాడు. రెండు మోకాళ్లూ భేషుగ్గా పనిచేశాయి. పక్కనున్న ఒకాయన ఇదంతా సముద్రపు గాలి ప్రభావమనుకుని సముద్రానికి దండం పెట్టాడు.

కళావతి తిట్టలేదు. తిడితే బాగుండునని పాండురంగానికి అనిపించింది. రెయిలింగ్ దగ్గర ఆమె చోటును మదురై ఆవిడ చెయ్యి చాపి కాస్తోంది. కళావతి మొగుణ్ణి తీసుకెళ్లి అక్కడ నిలబెట్టింది.

"నేను పోయి ఆమెను తోల్కొస్త. అప్పటిదాంక నువ్వు ఈడ నిలబడు. నా జాగ పోవద్దు."

కుర్చీని తానే తోసుకుంటూ జోయెల్ వెంట లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

ఒకరి చోటు కాపాడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఎడమ వైపు నుంచి ఒక మోచెయ్యి, కుడి వైపు నుంచి ఒక కెమెరా, కింద నుంచి ఒక చంటిపిల్ల! పాండురంగం రెండు చేతులూ చాపి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో సిల్కు లాల్చీ వేసుకున్న ఒక పెద్దమనిషి భుజం దూర్చాడు. ఒక్క నిమిషం చాలన్నాడు, ఒక్క ఫోటో అన్నాడు. ఈ ఓడ వంటింట్లో తనవాడొకడున్నాడని, కావాలంటే రాత్రికి గదికే చేపల వేపుడు పంపిస్తానని చెవిలో చెప్పాడు. అద్దంలో తనను తాను చూసుకున్నట్టయింది పాండురంగానికి. ఏం చూశాడో గాని, ఆయనకు నచ్చలేదు.

"ఈ జాగ మా ఆమెది. లైన్‌ల రాండ్రి" అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

ఐదు కావస్తుండగా కళావతి ముసలమ్మను తోసుకుంటూ వచ్చింది. ముసలమ్మను ముందు పెట్టి, తాను పక్కన నిలబడింది. ఇక మూడో మనిషికి రెయిలింగ్ దగ్గర చోటు లేదు. పాండురంగం తనంతట తానే ఒక వరుస వెనక్కి జరిగాడు. సైరన్ మోగింది. ఓడ కదిలింది. జనమంతా ఒక్కసారి కేక వేశారు. ఒడ్డు దూరమవుతుంటే ఆయనకు కనిపించినవి కుర్చీ పిడులు, నాలుగు తలకాయలు, భార్య జడలో నలిగిన మల్లెపూలు. చెన్నై కనిపించనే లేదు. వెనక నిలబడ్డవాళ్లకు ఎప్పుడూ ఇంతే కనిపిస్తుందని యాభై ఎనిమిదేళ్లకు తెలిసింది. కళావతి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

కాబట్టి పాఠకులారా, ఓడ ఎక్కే రోజున తొమ్మిది క్యూలను చూసి భయపడకండి. ఆ తొమ్మిదీ గంటన్నరలో అయిపోయేవేనట. మరి ఆరు గంటలు ఎందుకు పట్టింది? ఆ రోజు ఆ రేవులో వీల్‌చైర్లు పద్నాలుగే ఉన్నాయి, అవసరమైనవాళ్లకు అవి దొరికితేనే ఓడ కదిలేది. సాయంత్రం డెక్కు మీద పాటలు పెట్టగానే ఆ కుర్చీల్లో వచ్చినవాళ్లలో పదిమంది లేచి డాన్సు చేశారని జోయెల్ చెప్పాడు. వాళ్లను మాత్రం ఏమనగలం? అందరూ ఎవరికో ఒకరికి మనోళ్లే. పాండురంగం ఆ డాన్సుకు లేవలేదు. నిజంగా నడవలేని నలుగురూ ఒక పక్కన కూర్చుని, తాళానికి తగ్గట్టు చప్పట్లు కొట్టారు.